ఎవోనా, ఎస్‌టీఐనా? పికప్ అంకెల్ని కొరాపుట్ గాలిలో చదవడం ఎలా

ఆగి ఉన్న బండి వేగం అందుకునే సమయం, అంటే పికప్, అమెరికన్ పత్రిక 4.9 సెకన్లు అంటుంది. యూరప్ పత్రిక 5.4 అంటుంది. మొదటిది ఎవో (మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్) అంకె, రెండోది ఎస్‌టీఐ (సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ) అంకె అయితే చాలు, ఒడిశాలో తీరం వైపు బరంపురం నుంచి కొండల్లో జయపురం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఎవో అర సెకను తేడాతో గెలిచిపోతుంది. నిజానికి ఆ రెండు బండ్లూ పక్కపక్కనే పోయి ఉండొచ్చు. ఆ అర సెకను బండిది కాదు, కొలిచిన తీరుది.

అమెరికన్ పత్రికలు 0 నుంచి 60 మైళ్లు కొలుస్తాయి, అంటే 96.6 కిలోమీటర్లు. యూరప్ వాళ్లు కొలిచే 100 చేరాలంటే ఇంకా 3.4 కావాలి. ఈ తరగతి బండ్లు ఆ వేగం దగ్గర సెకనుకి దాదాపు 14 కిలోమీటర్లు పెంచుకుంటాయి కాబట్టి అక్కడే పావు సెకను పోతుంది. ఇంకొక తిరకాసు, అమెరికన్లు డ్రాగ్ స్ట్రిప్ (సూటి పందెం ట్రాక్) అలవాటు ప్రకారం మొదటి అడుగు దూరాన్ని లెక్కలో వేయరు. బండి 30 సెంటీమీటర్లు కదిలాకే గడియారం మొదలవుతుంది. ఆ అడుగు దాటడానికి 0.25 నుంచి 0.35 సెకన్లు పడుతుంది, అప్పటికి బండి గంటకు 6–8 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. రెండూ కలిపితే అర సెకను. జపాన్ వాళ్ల 0–400 మీటర్లకీ, అమెరికన్ క్వార్టర్ మైలుకీ మధ్య తేడా 2.34 మీటర్లే. గంటకు 165 వేగంలో అది 0.05 సెకను, దాన్ని వదిలేయొచ్చు.

యూట్యూబ్‌లో మీటర్ ముల్లు చూపించే వీడియోల సంగతి వేరు. ఫ్యాక్టరీ స్పీడోమీటర్ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. ముల్లు 100 మీద ఉన్నప్పుడు బండి నిజంగా 95లో ఉండటం మామూలే. అలా ఇంకో మూడో వంతు సెకను ఉచితంగా వస్తుంది.

గేరు కూడా అంకెను తారుమారు చేస్తుంది. లెక్క కష్టమేం కాదు. ఇంజిన్ ఆర్‌పీఎంని 60తో భాగించి, గేర్ నిష్పత్తితో, ఫైనల్ డ్రైవ్‌తో మళ్లీ భాగించి, టైరు చుట్టుకొలతతో, ఆపైన 3.6తో గుణించాలి. రెండో గేరు 2.375, ఫైనల్ 3.90, టైరు 225/45 ఆర్17 అనుకోండి. ఆ టైరు ఒక చుట్టుకి దాదాపు 1.95 మీటర్లు పోతుంది. 7,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది 88 కిలోమీటర్లు, 8,000 దగ్గర 101. అంటే 8,000 దాకా తిరిగే ఇంజిన్ ఉంటే రెండో గేరులోనే 100 తాకుతుంది. 7,000కే ఆగిపోయేదైతే మూడో గేరు వేయక తప్పదు, ఆ ఒక్క మార్పుకి 0.3 నుంచి 0.4 సెకను. బలంలో రెండూ సమానమే అయినా కాగితం మీద ఒకటి ఓడిపోతుంది.

అందుకే 0–100 అంకెను ఇంజిన్ బలానికి కొలతగా తీసుకోకూడదు. అది క్లచ్, టైరు, గేరు, డ్రైవర్ తెగింపు కలిసి ఇచ్చే అంకె. ఇంజిన్ ఎంత ఇస్తోందో తెలియాలంటే 400 మీటర్ల చివర బండి ఎంత వేగంలో ఉందో చూడాలి. స్టార్ట్ పాడైతే సమయం సెకను దాకా పెరగొచ్చు, చివరి వేగం మాత్రం పెద్దగా మారదు. దీనికి డ్రాగ్ రేసు వాళ్లు ఎప్పటినుంచో వాడే సూత్రం ఉంది. మన కొలతల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది: పీఎస్‌ని (ఇంజిన్ బలం కొలత, దాదాపు ఒక హార్స్‌పవర్) మొత్తం బరువు కిలోలతో భాగించి, ఘనమూలం తీసి, 288తో గుణించండి. వచ్చేది 400 మీటర్ల చివర వేగం, గంటకు కిలోమీటర్లలో. బరువులో డ్రైవర్‌కి 75 కిలోలు కలపడం మరవకండి.

ఎవో 9 అమెరికా మోడల్ తీసుకుందాం. సుమారు 290 పీఎస్, డ్రైవర్‌తో 1,555 కిలోలు. లెక్క ప్రకారం 164–165 రావాలి. ఎస్‌టీఐ 2.5 లీటర్ల అమెరికా మోడల్ 304 పీఎస్, 1,575 కిలోలు అనుకుంటే 166. ఇంత చిన్న తేడాకా ఇరవై ఏళ్ల గొడవ అనిపిస్తుంది కదా. అసలు ఆ గొడవ స్టార్ట్ దగ్గరా, మలుపుల్లోనూ. సూటి రోడ్డు మీద ఈ రెండూ కవలలే.

ఇదే సూత్రాన్ని తిప్పి వాడితే ఇంకా పనికొస్తుంది. చివరి వేగాన్ని 288తో భాగించి, ఘనం చేసి, బరువుతో గుణిస్తే ఇంజిన్ పీఎస్ వస్తుంది. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా ఏ బండికీ 280 పీఎస్ మించి రాయకూడదని తమలో తాము ఒక ఒప్పందం పెట్టుకున్నాయి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టయోటా సుప్రా, మాజ్డా చివరి ఆర్‌ఎక్స్-7, ఎవో, ఎస్‌టీఐ, అన్నింటి బ్రోచర్లోనూ అదే 280. స్కైలైన్ల్లో ఆర్34 జీటీ-ఆర్ డ్రైవర్‌తో కలిపి దాదాపు 1,635 కిలోలు. నిజంగా 280 అయితే 160 దగ్గర ఆగాలి. 170 దాటిందంటే లెక్క 336 పీఎస్ చూపిస్తుంది. స్టాక్ ఆర్34 డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద 280 కన్నా చాలా ఎక్కువే ఇస్తుందని అందరికీ తెలిసిందే. కాబట్టి ఆ కాలపు బండ్లను బ్రోచర్ అంకెలతో పోల్చడం వృథా. బరువొక్కటే అందులో నమ్మదగింది.

బరువు విషయంలో ఆర్‌ఎక్స్-7 చివరి తరం ఎఫ్‌డీకి సాటి లేదు. డ్రైవర్ లేకుండా 1,280 కిలోల దగ్గర, బ్రోచర్‌లోని 280 పీఎస్‌తోనే లెక్కేసినా, ఒక్క పీఎస్ 4.6 కిలోలే మోయాలి. ఎవో 9కి 5.0, ఆర్34కి 5.6. అయినా స్టార్ట్‌లో ఎఫ్‌డీ ఓడిపోతుంది, ఎందుకంటే వెనక చక్రాలే లాగాలి. హోండా సివిక్ టైప్-ఆర్ ఎఫ్‌కే8 కథ ఇంకా స్పష్టం. 320 పీఎస్, ముందు చక్రాలే లాగుతాయి, కంపెనీ చెప్పిన 0–100 సమయం 5.7–5.8. మొదట వచ్చిన టయోటా జీఆర్ యారిస్ యూరప్ మోడల్‌కి 261 పీఎస్, మూడు సిలిండర్లు, నాలుగు చక్రాల డ్రైవ్, కంపెనీ అంకె 5.5. యారిస్ ముందుందని ఆ అంకెలు చెబుతాయి. 400 మీటర్ల చివర మాత్రం టైప్-ఆర్ వేగం ఎక్కువ, ఆ పైన సాగితే యారిస్‌ని దాటేస్తుంది. (యారిస్ ఇంజిన్ 1.6 లీటర్లేనని గుర్తుంచుకుంటే ఓడినా దానికే దండం పెట్టాలి.)

ఇక స్టార్ట్. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న 2 లీటర్ల టర్బోతో వచ్చే చిక్కు ఏమిటంటే చక్రాలు జారవు. జారకపోతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ 2,500 ఆర్‌పీఎంలో క్లచ్ వదిలితే ఇంజిన్ ఇంకా బూస్ట్‌లోకి (టర్బో గాలిని నొక్కి పంపే ఒత్తిడిలోకి) రాలేదు, టైరు జారి దానికి ఊపిరి ఇవ్వదు, బండి ముక్కుతూ కదులుతుంది. అప్పటికి అది టర్బో లేని తక్కువ కంప్రెషన్ ఇంజినే. అందుకే పత్రికల వాళ్లు 5,000 పైన పెట్టి క్లచ్ వదులుతారు. ఎవో, ఎస్‌టీఐల మంచి అంకెలన్నీ అలా తీసినవే. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో నడుస్తూ అక్కడినుంచి ఎక్సలేటర్ తొక్కి 60 మైళ్లు చేరే కొలత కూడా ఉంది. అందులో ఇవే బండ్లకు ఒకటి నుంచి ఒకటిన్నర సెకను ఎక్కువ పడుతుంది. సిగ్నల్ దగ్గర, రైల్వే ఫాటక్ తెరుచుకున్నప్పుడు మనకు దొరికే పికప్ అదే.

ఆ 5,000 స్టార్ట్ ఖరీదు ఎక్కడ పడుతుంది? పాత సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ (ఎస్‌టీఐ కన్నా కింది మోడల్) 5 గేర్ల బాక్సులో అయితే గేరు పళ్లకే. ఎస్‌టీఐ 6 గేర్ల బాక్సు గట్టిది, అక్కడ క్లచ్ బలి అవుతుంది. ఎవో 10లో రెండు క్లచ్‌ల టీసీ-ఎస్‌ఎస్‌టీ ఆటోమేటిక్ వరుసగా నాలుగైదు సార్లు లాంచ్ చేస్తే ఆయిల్ వేడెక్కి హెచ్చరిక వెలిగించి తనంతట తానే నెమ్మదిస్తుంది. అదే ఎవో 10లో వెనక డిఫరెన్షియల్‌కి ఒత్తిడినిచ్చే పంపు వెనక చక్రం దగ్గర, నీళ్లూ బురదా తగిలే చోట ఉంటుంది. తుప్పు పట్టి పాడవడం దానికి తెలిసిన జబ్బు. గోపాలపూర్ లాంటి సముద్రపు ఉప్పుగాలిలో ఉంచే బండి అయితే మొదట చూడాల్సింది అదే.

రెండు టర్బోలున్న బండ్లలో తేడా ఇంకోలా ఉంటుంది. ఆర్34లో రెండు టర్బోలూ ఒకేసారి పనిచేస్తాయి, చెరో మూడు సిలిండర్లకి. సుప్రాలో, ఎఫ్‌డీలో మొదటిది ముందు తిరుగుతుంది, రెండోది తర్వాత కలుస్తుంది. సుప్రాలో 4,000 దగ్గర, ఎఫ్‌డీలో 4,500 దగ్గర. ఆరోగ్యంగా ఉన్న ఎఫ్‌డీలో బూస్ట్ మొదట 10 పీఎస్ఐ ఉండి, మార్పిడి దగ్గర 8కి దిగి, మళ్లీ 10కి వస్తుంది. ఆ మార్పిడిని నడిపేవి డజన్ల కొద్దీ సన్నని వాక్యూమ్ గొట్టాలు, సోలెనాయిడ్లు. వేడికి ఒక గొట్టం బిగుసుకుని చిట్లితే చాలు, రెండో టర్బో రాదు, 4,500 దాటాక బండి చచ్చుబడుతుంది. కాబట్టి పాత ఎఫ్‌డీ ఏదైనా వీడియోలో ఓడిపోతే బండిని తప్పుపట్టే ముందు బూస్ట్ మీటర్ చూడండి. 10–8–10 కనబడకపోతే అది స్టాక్ బండి కాదు, జబ్బు బండి. ఎఫ్‌డీది పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్, దాని కంప్రెషన్ కూడా చూడాలి. 250 ఆర్‌పీఎం దగ్గర ఏ గదిలోనూ 7.0 కేజీ/సెం.మీ² కన్నా తగ్గకూడదని మాజ్డా కొలత.

స్కైలైన్లది ఇంకో బలహీనత. స్టాక్ టర్బో చక్రం సిరామిక్‌ది. తేలిక కాబట్టి త్వరగా తిరుగుతుంది, కానీ బూస్ట్ 1 బార్ దాటించి ఎక్కువకాలం నడిపితే పగులుతుంది. సుప్రాలోనూ జపాన్ మోడల్‌ది సిరామిక్, ఎగుమతి మోడల్‌ది ఉక్కు. ఎగుమతి సుప్రాకి ఇంజెక్టర్లు కూడా పెద్దవి, 440 బదులు 550 సీసీ. అమెరికాలో 320 హార్స్‌పవర్ అని రాసిన సుప్రా, జపాన్‌లో 280 అని రాసిన సుప్రా ఒకే పేరుతో ఉన్నా ఒకే బండి కాదు. జపాన్‌ది కింది ఆర్‌పీఎంలో చురుకు, ఎగుమతిది పైన బలం. పోలిక పెట్టేటప్పుడు ఏ దేశపు బండో రాయకపోతే ఆ పోలికకు విలువ లేదు.

ఇక మన గాలి. ఇక్కడే బరంపురం అంకెకీ కొరాపుట్ అంకెకీ పొత్తు కుదరదు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం 913 మిల్లీబార్ల దగ్గర, అంటే బరంపురం కన్నా దాదాపు 10 శాతం తక్కువ. టర్బో లేని బండి ఆ 10 శాతం నేరుగా పోగొట్టుకుంటుంది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా ఎక్కే ఘాట్‌లో అద్దె కారు ఏసీ ఆపేసి ఎక్కేది అందుకే.

టర్బో ఉంటే? మ్యానిఫోల్డ్‌లో (గాలి ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టంలో) మొత్తం పీడనం 2 బార్లు కావాలనుకుందాం. బరంపురంలో టర్బో గాలిని 1.97 రెట్లు నొక్కితే చాలు. కొరాపుట్‌లో 2.19 రెట్లు నొక్కాలి. టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 72 శాతం అనుకుంటే, 35 డిగ్రీల గాలి బరంపురంలో టర్బో దాటాక సుమారు 127 డిగ్రీలు. అదే 35 డిగ్రీల గాలి కొరాపుట్‌లో దాదాపు 142. కానీ కొరాపుట్‌లో అదే రోజు 28 డిగ్రీలే ఉందనుకోండి, అప్పుడు 133 దగ్గర ఆగుతుంది. కొండ చల్లదనం ఎత్తు బాకీని సగానికి పైగా తీర్చేస్తుంది. మిగ్, సుఖోయ్ యుద్ధ విమానాల ఇంజిన్ల పని చేసే సునాబెడ హెచ్ఏఎల్ వాళ్లకి ఈ కంప్రెసర్ లెక్క కొత్తది కాదు.

బూస్ట్ వచ్చాక టర్బో ఎత్తును చాలావరకు కప్పేస్తుంది. బూస్ట్ రాకముందు కప్పలేదు. పైన చెప్పిన స్టార్ట్ చిక్కు కొరాపుట్‌లో ఇంకా ముదురుతుంది, టర్బో అందుకోవడం ఇంకొంచెం ఆలస్యం అవుతుంది. సుబారు ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) గాలి పీడనం తగ్గితే బూస్ట్ లక్ష్యాన్ని కూడా తగ్గించే పట్టిక ఒకటి ఉంటుంది, టర్బో అతివేగంతో చెడిపోకుండా. కాబట్టి ఎత్తులో ఎస్‌టీఐ బూస్ట్ కాస్త తక్కువ కనబడితే అది లీకని తేల్చేయకండి.

తీరంలో ఎత్తు లేదు, తేమ ఉంది. మే నెలలో గోపాలపూర్ దగ్గర 34 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే గాలిలో 4 శాతానికి పైగా చోటు నీటి ఆవిరిదే, ఆ మేరకు ఆక్సిజన్ తక్కువ. పైగా కొన్ని అమెరికన్ పత్రికలు తమ అంకెలను ఒక ప్రామాణిక వాతావరణానికి సవరిస్తాయి. టర్బో వేడెక్కించిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉన్న చోటు కూడా ఇక్కడ తేల్చుతుంది. ఎవోకి ముందు బంపర్‌లో ఉంటుంది, బండి కదిలితే చల్లబడుతుంది. ఎస్‌టీఐకి ఇంజిన్ మీద, బోనెట్ రంధ్రం కింద ఉంటుంది. గొట్టం పొట్టి కాబట్టి స్పందన బాగుంటుంది, కానీ ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేడంతా అది పీల్చుకుంటుంది. ఎండలో పది నిమిషాలు ఐడిల్‌లో పెట్టి మొదటి పరుగు తీస్తే ఎస్‌టీఐ అంకె ఎప్పుడూ చెత్తగానే వస్తుంది. రెండు మూడు కిలోమీటర్లు నిలకడగా నడిపి, ఆపకుండా తిప్పుకొచ్చి తీయాలి.

పెట్రోల్ అన్నిటికన్నా పెద్ద తేడా. జపాన్ మోడళ్ల ట్యూనింగ్ అక్కడి 100 ఆక్టేన్ పెట్రోల్ మీద. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) రాకముందు మన మామూలు పెట్రోల్ బీఎస్-6 ప్రమాణం 91. ప్రీమియం 95 రాయగడ, జయపురం లాంటి చోట కూడా అడిగి వెతికితే దొరుకుతుంది, 100 మాత్రం పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే. తక్కువ ఆక్టేన్ పోస్తే ఇంజిన్ నాక్ అవుతుంది (ఇంధనం అదుపు తప్పి పేలుతుంది), ఈసీయూ ఇగ్నిషన్ (స్పార్క్ పడే వేళ) వెనక్కి లాగుతుంది, పికప్ పోతుంది. ఎవో ఈసీయూలో ఎక్కువ ఆక్టేన్‌కి ఒకటి, తక్కువ ఆక్టేన్‌కి ఒకటి, రెండు ఇగ్నిషన్ పట్టికలు ఉంటాయి, నాక్ వినబడేకొద్దీ రెండో దాని వైపు జారుతుంది. సుబారులో ఇగ్నిషన్ అడ్వాన్స్ మల్టిప్లయర్ అనే విలువ ఉంటుంది. బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి ఓబీడీ లాగర్ పెట్టి చూడండి. 1.0 ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది. తగ్గిందంటే ఆ రోజు తీసిన ఏ అంకే ఆ బండి అంకె కాదు, ఇంజిన్‌ని ఇంకా తొక్కడం కూడా మంచిది కాదు. ఎస్‌టీఐ 2.5 లీటర్ల ఇంజిన్ ఈజే257లో నాక్ ఎక్కువైతే పిస్టన్ రింగుల మధ్య గోడ పగలడం అందరికీ తెలిసిన సంగతే, ఎక్కువగా నాలుగో సిలిండర్‌లో.

ఈ20 వచ్చాక ఇంకో లెక్క చేరింది. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, కానీ అదే గాలికి 6–8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. నిదానంగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ సరిచేస్తుంది. పాత బండ్లలో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ సెన్సర్ మాట ఈసీయూ వినదు, మిశ్రమం పలచబడుతుంది. టర్బోకి పలచని మిశ్రమం కన్నా పెద్ద శత్రువు లేదు.

మరి కొలవడం ఎలా? ఫోన్ జీపీఎస్ సెకనుకి ఒక్కసారే చూస్తుంది, ఆ అంకె పనికిరాదు. సెకనుకి 10 లేదా 25 సార్లు చదివే జీపీఎస్ లాగర్ కావాలి, దాన్ని అద్దం దగ్గర ఆకాశం కనబడేలా పెట్టాలి. ఒకే చోట రెండు దిక్కులా తీసి సగటు చూడండి. 1 శాతం వాలు 0–100లో సుమారు 0.1 సెకను మారుస్తుంది, 100–160 దగ్గర ఇంకా ఎక్కువ. ట్యాంకు సగం, డ్రైవర్ ఒక్కడే. పక్కన 75 కిలోల మనిషి కూర్చుంటే 0.25 సెకను. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. స్టార్ట్ అంకెతో పాటు 60–100, 100–160 కూడా మూడో, నాలుగో గేరులో తీయండి. క్లచ్ దెబ్బతినదు, బండ్ల అసలు తేడా అందులోనే బయటపడుతుంది.

ఇదంతా 16వ నంబర్ హైవే మీద కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం రోడ్డు మీద స్పీడ్ పందెం నేరం. లారీలు, ఆవులు, రాంగ్ సైడ్ ట్రాక్టర్లు ఉన్న చోట 160 కొలవడం చట్టం లేకపోయినా పిచ్చిపనే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, మహారాష్ట్రలో ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే డ్రాగ్ పోటీలు ఉన్నాయి.

మన ఒడిశా జిల్లాల ఓడీ-07, ఓడీ-10, ఓడీ-18 నంబర్ ప్లేట్లలో ఆర్34 వెతకొద్దు. మూడేళ్లు దాటిన పాత కారుని దిగుమతి చేసుకోనివ్వరు. నిస్సాన్ జీటీ-ఆర్ 2016 డిసెంబర్‌లో ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 1.99 కోట్లకి ఇక్కడ వచ్చింది. సుబారు పేరుతో ఏ బండీ రాలేదు, ఫారెస్టర్ ఒక్కటి షెవర్లే బొమ్మ పెట్టుకుని కొన్నాళ్లు అమ్ముడైంది, అది కూడా టర్బో లేకుండా. మన బజార్లో తక్కువ ధరకి దొరికే జపాన్ టర్బో అంటే సుజుకి 1.0 బూస్టర్‌జెట్. పాత బలెనో ఆర్ఎస్‌కి 102 పీఎస్, డ్రైవర్‌తో 1,025 కిలోలు. పై సూత్రం పెడితే 400 మీటర్ల చివర 133 రావాలి. ట్రాక్ మీద లాగర్ 125 చూపిస్తే పీఎస్ 84కి పడిందన్నమాట. అప్పుడు ముందు గాలి ఫిల్టరు, తర్వాత ఇంటర్‌కూలర్ గొట్టం క్లాంపులు, ఆ తర్వాత బంకు మార్చి చూడండి. వరస అదే, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి.